నాలుగో సంచి

ఆ ఏడాది సెప్టెంబరులో తూర్పు కొండల మీద అడవి అంటుకుంది. మంట మా దాకా రాలేదు గానీ, పొగ మాత్రం తీరిగ్గా వచ్చి లోయలో కూర్చుంది. పట్టపగలే దీపాలు వేసుకుని వంట చేశాం. రెస్టారెంటు బయట వేసిన బల్లల మీద బూడిద రాలుతుంటే కొన్నాళ్ళు తుడిచాను. తర్వాత విసుగొచ్చి బల్లలే లోపలికి లాక్కొచ్చాను. ఊళ్ళో ఎవరు ఏ మాట మొదలుపెట్టినా అది చివరికి పొగ దగ్గరికే వచ్చి ఆగేది.

ద్రాక్ష కోతకి ఇంకా రెండు వారాలుంది. ఇంకే ఏడాదైనా అయితే నేనింత బెంగపడేదాన్ని కాదు. పెళ్ళైన కొత్తలో నేనూ లైల్ ఆ కొండవాలు మీద మా చేతులతో నాటిన పినో రకం ద్రాక్ష తీగలవి. ఏటేటా కాయంతా పెద్ద వైనరీల లారీలెక్కి పోయేది, ఎవరెవరి పేర్లతోనో సీసాల్లో తిరిగొచ్చేది. నేనే వాటిని నా రెస్టారెంటులో జనానికి పోస్తూ, "ఇది మా కొండదేనండీ" అనేదాన్ని. వాళ్ళు మర్యాదకి తలూపేవాళ్ళు. ఆ వసంతంలో నా మొగుడు వేరేవాళ్ళ పీపాలు కడిగే ఉద్యోగానికి దండం పెట్టి వచ్చేశాడు. ఈసారి కాయంతా మనకే, వైన్ మన పేరుతోనే అన్నాడు. సీసాలకి అంటించే చీటీలు కూడా ముందే అచ్చు వేయించాడు. హాగెన్ అని మా ఇంటిపేరు, కింద మా తోటలోని ఓక్ చెట్టు బొమ్మ. బొమ్మ తనే గీశాడు. అది చెట్టో కాలీఫ్లవరో చెప్పడం కష్టం అన్నాను. ఆ రోజుల్లో నవ్వేవాడు కాబట్టి నవ్వాడు.

పొగ తగ్గాక గస్ టిబెట్స్ తోటకి వచ్చాడు. మా లోయలో మొదట పినో నాటినవాళ్ళలో మిగిలింది ఆయనొక్కడే. ఎనభై దాటాయి. ట్రక్కు దిగడానికి పట్టినంతసేపు మాట్లాడడానికి పట్టదు.

"తొక్కలో దాక్కుంటుంది అబ్బాయ్, పొగ," అన్నాడు లైల్‌తో. "కంటికి కనపడదు, నాలిక్కి తెలీదు. పులిసి పీపాలో పడ్డాక అప్పుడు బయటికొస్తుంది, తీరిగ్గా. పక్క తోటవాళ్ళు కోత మానేశారు, విన్నావుగా. పిట్టలకి వదిలేశారు."

లైల్ ఒక గుత్తి తెంపి నాలుగు పళ్ళు నోట్లో వేసుకున్నాడు. నాకూ నాలుగిచ్చాడు. ఎప్పటి తీపే, ఎప్పటి పులుపే. నేను తిన్న మంచి పళ్ళలో అవీ కొన్ని.

"వీటికేమైంది గస్? మీరే చెప్పండి," అన్నాడు.

గస్ తినలేదు. మంచి కోత కావాలని మాత్రం దీవించి వెళ్ళిపోయాడు. మేం కోశాం. నేను కూడా రెస్టారెంటు మూసేసి కత్తెర పట్టుకున్నాను. చెప్పాలంటే, ఆ కోత రోజులంత సంతోషం మా ఇంట్లో చాలా ఏళ్ళుగా లేదు. లైల్ ఈలవేసుకుంటూ బుట్టలు మోశాడు. పళ్ళు పులుస్తున్నప్పుడు వైన్ చేసే కొట్టంలోనే మంచం వేసుకున్నాడు. పసిబిడ్డని చూసుకున్నట్టు పొద్దస్తమానం ఆ తొట్లని కలియబెడుతూ కూర్చున్నాడు. అక్టోబరు నడిమికి వైన్ పీపాల్లోకి చేరింది. పొగ పరీక్షకి ల్యాబుకి ఒక సీసా పంపాం గానీ, ఆ ఏడాది ఆ పరీక్షల కోసం ఊళ్ళకి ఊళ్ళు వరసలో నిలబడ్డాయి. జవాబు ఎప్పుడొస్తుందో వాళ్ళకే తెలియదన్నారు.

నవంబరు మొదట్లో ఒక మధ్యాహ్నం భోజనం పట్టుకుని కొట్టానికి వెళ్ళాను. సాల్మన్ చేప ముక్క, ఉడకేసిన బంగాళాదుంపలు. లైల్ చేతులు తుడుచుకుని, గాజు గొట్టం పీపాలోకి దింపి, రెండు గ్లాసుల్లో తలా కాస్త వదిలాడు. ఆ నెలాఖర్లో థాంక్స్‌గివింగ్ పండగ తర్వాత శని ఆదివారాలు లోయలో కొట్టాలన్నీ తలుపులు తెరుస్తాయి, ఊళ్ళనుంచి కార్లు బారులు తీరి వస్తాయి. ఆ రోజుల్లో మా కొట్టం కూడా తెరవాలని, పీపాలోంచే పోసి ముందస్తు బేరాలు ఒప్పుకోవాలని తన ఆలోచన. రోడ్డు మీద పెట్టడానికి పలక కూడా రంగు వేసి ఆరబెట్టాడు. నా రెస్టారెంటులో వైన్ల పేర్లుండే కార్డు మీద మొదటి వరస తనకే అని నేను వసంతంలోనే మాటిచ్చి ఉన్నాను.

గుక్క తాగాను. చెర్రీలు, తడిసిన మట్టి. ఎంత బాగుందంటే నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. వాడి భుజం మీద చెయ్యి వేశాను, చెబుదామని నోరు తెరిచాను. అప్పుడొచ్చింది. నాలుక వెనకనుంచి, మింగేసిన తర్వాత, చల్లారిన పొయ్యిలో బూడిద రుచి. వచ్చింది వచ్చినట్టే ఉండిపోయింది. నీళ్ళు తాగితే పోలేదు, బంగాళాదుంప తింటే పోలేదు.

లైల్ తన గుక్కని నోట్లో తిప్పి, బకెట్‌లో ఉమ్మేసి, అప్పుడే మాట్లాడుతున్నాడు. ఎంత నునుపుగా ఉందో చూశావా, ఇంకో ఏడాది పీపాలో ఉంటే చూడు అంటున్నాడు.

"లైల్," అన్నాను. "పొగుంది."

"అది పీపా. కొత్త పీపా లోపల కాలుస్తారు కదా, ఆ వాసన."

"కాల్చిన పీపా వాసన నాకు తెలీదా? ఇరవయ్యేళ్ళుగా పోస్తున్నాను. ఇది అది కాదు."

"పొద్దున్నుంచి ఉల్లిపాయ కూరలు రుచి చూసిన నోరు నీది," అన్నాడు. నవ్వుతూ అనాలనుకున్నాడు గానీ నవ్వు రాలేదు.

"ఉమ్మెయ్యకుండా మింగి, కాసేపు నోరు మూసుకుని చూడు. అంతే అడుగుతున్నాను."

నోరు మూసుకోమన్నది వైన్ కోసం అన్నాను. వాడు వేరేగా తీసుకున్నాడు. గ్లాసు కింద పెట్టి, "మొదటి వరస ఇస్తావా ఇవ్వవా, అది చెప్పు," అన్నాడు.

నేను అబద్ధమాడగలిగితే అప్పుడే ఆడి ఉండేదాన్ని. నా దగ్గరికొచ్చి కూర్చున్నవాళ్ళకి నేను తాగలేనిది ఇంతవరకూ పోయలేదు. ఆ ఒక్క నియమం తప్ప నా రెస్టారెంటుకి గోడలు కూడా సరైనవి లేవు, పాత దాణా కొట్టు అది. ఇవ్వలేనన్నాను. మా పేరు మొదటిసారి జనం నోట్లోకి పోయేది ఆ బూడిదతోనా అని కూడా అన్నాను. ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది.

ఆ తర్వాత మా ఇంట్లో మాటలు ఉప్పు అందించమనే వరకే మిగిలాయి. లైల్ పొద్దున్నే కొట్టానికి పోయేవాడు, చీకటి పడ్డాక వచ్చేవాడు. రంగు వేసిన పలకని తీసుకెళ్ళి రోడ్డు పక్కన కంచెకి ఆనించాడు. నాకు కోపమొచ్చింది, జాలేసింది, మళ్ళీ కోపమొచ్చింది. కార్డు అచ్చుకి పంపే రోజు దగ్గరపడుతుంటే మొదటి వరస ఖాళీగా పెట్టుకుని కూర్చున్నాను. పోస్తే నా నియమం పోతుంది, పోయకపోతే మొగుడు పోయేలా ఉన్నాడు.

సోమవారాలు రెస్టారెంటుకి సెలవు. ఆ రోజు మధ్యాహ్నం లోయలో వైన్ చేసేవాళ్ళు అరడజను మంది నా దగ్గర భోజనానికి చేరతారు. ఒక్కొక్కరూ ఒక్కో సీసా గోధుమరంగు కాగితం సంచిలో చుట్టి తెస్తారు. సంచులన్నీ నేను వంటింట్లోకి తీసుకెళ్ళి, అటూ ఇటూ మార్చి, పైన అంకెలు వేసి తెస్తాను. ఏది ఎవరిదో నాకొక్కదానికే తెలుస్తుంది. అందుకని ఆ బల్ల దగ్గర నేను తాగను, మాట్లాడను, వీలైనంతవరకు మొహంలో కూడా ఏదీ కనపడనివ్వను. పోసిన గ్లాసు తాగాక, గస్ చెంచాతో తన గ్లాసు మీద కొట్టేదాకా ఎవరూ పెదవి కదపకూడదు. ఆయన కొట్టాక ఉన్నదున్నట్టు చెప్పాలి. సంచి తీసి పేరు బయటపడ్డాక ఓదార్చకూడదు, అన్న మాట వెనక్కి తీసుకోకూడదు. చాలా ఏళ్ళ క్రితం గస్ ఒక సంచిని గుర్రం చెమట అని తిట్టాడు. సంచి తీస్తే ఆయనదే. ఇప్పటికీ ఆయన ట్రక్కు వస్తుంటే ఎవడో ఒకడు సకిలిస్తాడు.

మా గొడవ తర్వాతి సోమవారానికి గస్ ఒక షరతు పెట్టాడు. అందరూ ఈ ఏడాది వైనే తేవాలి, పీపాలోంచి తీసి. ఎవరి దాంట్లో పొగ ఉందో, ఎవరి దాంట్లో లేదో, ఒకరికొకరు చెప్పుకుంటే మేలు కదా అని. లైల్ రాడనుకున్నాను. వచ్చాడు. దొడ్డిదారిన వంటింట్లోకొచ్చి సంచి నా చేతికిచ్చాడు.

"నా మాటా వద్దు, నీ మాటా వద్దు. వాళ్ళు చెప్పనీ," అన్నాడు. వారం రోజుల్లో నాతో అన్న పెద్ద మాట అదే. మొహంలో భయం లేదు. గెలవడానికొచ్చినవాడి మొహం అది.

సంచులు మార్చాను. లైల్‌ది నాలుగోదైంది. రెండోది ఫిలిస్ నవారోది. ఆమె తోట సముద్రపు గాలి దూరే కనుమలో ఉంది, పొగ అక్కడ రెండో రోజుకే తేలిపోయింది. ఆ వారం మాట్లాడే వంతు లైల్‌తో మొదలవుతుంది, ప్రతి గ్లాసుకీ.

బల్ల మీద బంగాళాదుంప సూప్, అడవి పుట్టగొడుగులు వేసిన రొట్టె. మొదటి సంచి గురించి ఎవరికీ పెద్దగా చెప్పాలనిపించలేదు. రెండోది పోశాను. గస్ చెంచా మోగింది. లైల్ గ్లాసు వెలుతురుకి పెట్టి చూసుకున్నాడు, తర్వాత నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. అది తనదే అని నిశ్చయానికొచ్చేశాడు.

"పొగ జాడ లేదు," అన్నాడు. "చెర్రీ ఉంది, మట్టి ఉంది, చివరిదాకా శుభ్రంగా ఉంది. ఎవరెంత భయపెట్టినా కోసినవాడి వైన్ ఇది. నేనైతే ఇవాళే అమ్ముతాను."

ఎవరెంత భయపెట్టినా అన్న దగ్గర మళ్ళీ నా వైపు చూశాడు. పక్కనే కూర్చున్న ఫిలిస్ గ్లాసులోకి చూసుకుంటూ ఉండిపోయింది. ఆమెకి తన వైన్ తెలుసు. నేను సూప్ గిన్నెలు సర్దుతున్నట్టు నటించాను.

మూడోది అయ్యాక నాలుగో సంచి మెడ పట్టుకున్నాను. చెయ్యి జారినట్టు పడేయొచ్చు. బిరడా చెడిందని వంటింట్లోకి తీసుకుపోవచ్చు. ఎవరూ అడగరు, ఆ బల్ల దగ్గర నన్ను అడిగేవాళ్ళు లేరు. నిజం చెబుతున్నాను, పడేద్దామనే అనుకున్నాను. కానీ వాళ్ళు చెప్పనీ అన్నది తనే కదా. పోశాను.

లైల్ మొదటి గుక్కకి తల పంకించాడు. బాగుందన్నట్టే పంకించాడు. ఇక్కడ ఉమ్మేవాళ్ళు లేరు, మాట్లాడడానికి లేదు. గస్ ఆ రోజు చెంచా ఎక్కడో పెట్టి మరిచిపోయి, ఒళ్ళోని రుమాలు కింద వెతుక్కున్నాడు. ఆ వెతుకులాటలో లైల్ మొహం మారడం చూశాను. ముందు కనుబొమలు దగ్గరయ్యాయి. తర్వాత నాలుకతో అంగిలి తడుముకున్నాడు. తర్వాత చెయ్యి దానంతటది రొట్టె వైపు పోయింది. చెంచా దొరికింది, మోగింది.

"మొదట బాగుంది," అన్నాడు లైల్. "చాలా బాగుంది. అందుకే చెప్పడానికి కష్టంగా ఉంది. మింగాక బూడిద వచ్చింది. పీపా అని సర్దిచెప్పుకోవడానికి లేదు. పీపా వాసన ముక్కుకే తెలుస్తుంది, ఇది గొంతు దిగాక పైకొచ్చింది. ఇది సీసాలోకి పోకూడదు." ఆగి, జాలిగా అన్నాడు, "చేసినవాడు మనవాడే. మంచి చెయ్యే. పాపం, ఇంట్లో చెప్పేవాళ్ళు లేరేమో."

మిగతావాళ్ళు కూడా అదే చెప్పారు, తక్కువ మాటల్లో. గస్ ఒక్కడే తనకేమీ తెలియలేదన్నాడు. కొందరి నాలికకి ఆ పొగ అస్సలు తెలియదట, ఆయన ఆ జాతి. "ఈ వయసులో ఇంకా ఎన్ని తెలియట్లేదో ఎవరు చెప్పొచ్చారు," అని సూప్ ఇంకాస్త పోయించుకున్నాడు.

ఆఖరు సంచి కూడా అయ్యాక విప్పడం మొదలుపెట్టాను. మొదటిది గస్‌ది. రెండోది తియ్యగానే ఫిలిస్ చేతిరాత కనిపించింది. లైల్ చూపు నాలుగో సంచి మీదికి పోయింది. మూడోది కొత్తగా వచ్చిన కుర్ర దంపతులది. వాళ్ళ గురించి ఎవరో ఏదో అన్నారు, లైల్ వినలేదు. నాలుగో దాని మీద చెయ్యి వేయబోతుంటే లేచాడు.

"నేను తీస్తాను," అన్నాడు.

తీశాడు. సీసాకి అంటించిన పట్టీ మీద తన రాతే. సంచిని నాలుగు మడతలు పెట్టి బల్ల మీద పెట్టాడు. సీసాని దాని పక్కన పెట్టి కూర్చున్నాడు.

ఎవరూ ఓదార్చలేదు, ఓదార్చకూడదు కనుక. ఫిలిస్ రొట్టె పళ్ళెం వాడి వైపు జరిపింది. వాడొక ముక్క తీసుకుని తిన్నాడు. నేను వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఆ క్షణంలో నాకు నా మాట నెగ్గిందన్న సంతోషం ఇసుమంత కూడా లేదు. వాడి కోసం ఏడుపొచ్చింది, అంతే.

"గస్," అన్నాడు లైల్, రొట్టె ముక్క అయ్యాక. "ఒక మాట వెనక్కి తీసుకోవచ్చా?"

"కుదరదబ్బాయ్. ఆ గుర్రాన్ని నేనిప్పటికీ మోస్తున్నాను."

"వైన్ గురించి అన్నది కాదు. అది అన్నట్టే ఉండనీయండి."

"మరి దేని గురించి?"

లైల్ నా వైపు చూశాడు. ఈసారి చూపు వేరు. "ఇంట్లో చెప్పేవాళ్ళు లేరేమో అన్నాను. ఉన్నారు."

గస్ చెంచా చేతిలో తిప్పుతూ ఆలోచించాడు. ఆయన నియమాలని సరదాగా తీసుకునేవాడు కాదు. "వైన్ గురించి కాదంటున్నావు కాబట్టి తీసుకోవచ్చు," అన్నాడు.

మర్నాడు పొద్దున లైల్ ఒక్కో పీపా బిరడా తీసి, కొట్టం వెనక గుంటలోకి వదిలాడు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. సాయం అడగలేదు, వద్దనలేదు. కొట్టం నిండా చెర్రీ వాసన. వాసన అంత బాగుండడమే మా ఇద్దరికీ తట్టుకోలేనిదైంది. పీపాలు కడిగి బోర్లించాక, పచ్చికలో కూర్చుని నేను పట్టుకెళ్ళిన సాల్మన్ చల్లారిపోతుంటే తిన్నాం. మా తోటనుంచి అంత వైన్ అయ్యిందని కూడా ఆ రోజే మొదటిసారి సరిగ్గా తెలిసిందనిపించింది. చీటీల మీద ఏడాది అంకె అచ్చయిపోయింది, ఇంకెందుకూ పనికిరావు. వాటిని నేను ఊరగాయ సీసాలకి అంటించాను. మా దోసకాయ ముక్కలు ఆ చలికాలమంతా హాగెన్ పేరుతో, కాలీఫ్లవర్ బొమ్మతో అమ్ముడుపోయాయి.

రోడ్డు పక్కన పలక మాత్రం లైల్ తియ్యలేదు. థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం కార్లు వచ్చాయి. వాడు గేటు దగ్గర నిలబడి, ఈ ఏడాది మాకు పొగ తగిలింది, వైన్ లేదు, భోజనానికి మా ఆవిడ దగ్గరికి వెళ్ళండి అని ప్రతి కారుకీ చెప్పాడు. ఎక్కువ మంది నిజంగానే వచ్చారు. సాయంత్రానికి బల్లలు చాలలేదు. వాడు కూడా చలికి ముక్కు ఎర్రబడి వచ్చి, అడక్కుండానే తువ్వాలు భుజాన వేసుకుని పోయడం మొదలుపెట్టాడు.

కార్డు మీద మొదటి వరసలో ఫిలిస్ పేరు వేశాను. సీసాలకెక్కే దాకా ఆగకుండా పీపాలోంచే ఇస్తానంది. అలా వెయ్యమని అడిగింది లైలే. ప్రతి బల్ల దగ్గరా ఆ వైన్ పోస్తూ, "నాదనుకుని నేను పొగిడింది ఇదేనండీ," అని ఆ సోమవారం కథంతా తన మీద తనే నవ్వుతూ చెప్పాడు. నవ్వు ఇంకా కొంచెం బిగుసుకునే ఉంది గానీ, ఉంది.

పోర్ట్‌లాండ్ నగరం నుంచి వచ్చిన ఒకావిడ గ్లాసు పట్టుకుని, "మరి మీదెప్పుడు తాగుతాం మేం?" అని అడిగింది.

"వచ్చే ఏడాది చూద్దాం," అన్నాడు లైల్. సీసా మూతి తుడిచి, వంటింటి గుమ్మంలో ఉన్న నా వైపు చెయ్యి చూపించాడు. "ముందు ఆవిడ తాగాలి. తాగి కాసేపు కూర్చోవాలి. అప్పుడు చెబుతుంది."